అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి: మెట్ట చిన్నరైతు, చిరుధాన్యాల అంగడి - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మెట్ట ప్రాంతాల చిన్నరైతులు పండించే చిరుధాన్యాలకు, రసాయనరహిత ఉత్పత్తులకు విపణి కల్పించాలన్న ఆలోచన నేడు ప్రభుత్వ విధానాల్లోనూ, స్వచ్ఛంద సంస్థల కార్యక్రమాల్లోనూ ప్రముఖంగా కనిపిస్తున్నది. రైతు అంగడికి దూరంగా ఉన్నాడనీ, ఆ దూరాన్ని తగ్గిస్తే సమస్య తీరుతుందనీ ఈ ఆలోచన వెనుక ఒక భావన ఉన్నది. చరిత్ర ఈ భావనను బలపరచదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. మెట్ట రైతు ఏనాడూ అంగడికి దూరంగా లేడు. అతడి చేతిలో లేనిది కోతకూ అమ్మకానికీ నడుమ ఉండే కాలం. దత్తమండలాల పాతర, నాగు వ్యవస్థలు మొదలుకొని జహీరాబాదు ప్రాంతపు ధాన్యనిధి, చెన్నేకొత్తపల్లి ధరణి సహకార సంఘం వరకు గల అనుభవాలను ఈ దృష్టితో వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మెట్టసేద్యం, చిరుధాన్యాలు, నాగు, పాతర, ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ, సహకార విక్రయం, భాగస్వామ్య హామీ పద్ధతి.

1. ఉపోద్ఘాతం

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెత తెలుగునాట అందరికీ తెలిసినదే. అమ్మడానికి పోతే అడిగే దిక్కుండదు, కొనడానికి పోతే చేయి కాలుతుంది. ఈ మాటలో ఒక ఆర్థిక సత్యం ఉన్నది. అమ్మేవాడూ కొనేవాడూ వేరువేరు వ్యక్తులైతే ఈ సామెత పుట్టవలసిన పని లేదు. ఒకే మనిషి కోతల నాడు అమ్మకందారుగానూ, ఆరు నెలలు తిరగకముందే అదే గింజకు కొనుగోలుదారుగానూ అంగడికి వెళ్లినప్పుడే ఈ అనుభవం కలుగుతుంది. ఆ మనిషి చిన్నరైతు.

వానమీద ఆధారపడిన సేద్యంలో ఈ చక్రం మరింత కఠినంగా తిరుగుతుంది. ఏటికి ఒక పంట, మహా అయితే రెండు. ఊరందరి కోత ఒకేసారి, ఊరందరి అప్పు గడువు కూడా ఒకేసారి. అందువల్ల మెట్ట గింజ ధర నేల సారాన్ని బట్టి కాక, దానిని ఎన్నాళ్లు నిలుపుకోగలమన్న దానిని బట్టి తేలుతుంది.

ఈ వ్యాసంలో జీవావరణ సాగు అన్న మాటను రసాయనాలు వాడకపోవడం అన్న ఇరుకైన అర్థంలో వాడడం లేదు. జొన్న సాళ్ల నడుమ కంది, పెసర, అలసంద, అనుము కలిపి వేయడం, పశువుల ఎరువు, సొంత విత్తనం, నేలలోని తేమను బట్టి పంటను ఎంచుకోవడం - వీటన్నిటి కలయిక అది. ఇటువంటి సాగు ఒక చిక్కును తెచ్చిపెడుతుంది. ఎకరంలో పది రకాలు పండినప్పుడు ఏ రకమూ బండెడు ఉండదు. అంగడి కోరేది ఒకే రకం గింజను పెద్ద మొత్తంలో. నేలకు మేలుచేసే వైవిధ్యమే అమ్మకం వేళ బలహీనతగా మారుతుంది. ఈ చిక్కును ఎవరు ఎలా విప్పజూశారన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

2. పాతర, నాగు, తక్కెడ

బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాలతో కూడిన దత్తమండలాలు 1800లో ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చాయి. థామస్ మన్రో ఇక్కడ రైతువారీ పద్ధతికి పునాదులు వేశాడు. ప్రభుత్వం నేరుగా రైతుతో శిస్తు ఒడంబడిక చేసుకోవడం ఆ పద్ధతి సారం. కాగితం మీద ప్రతి రైతూ స్వతంత్రుడే. కాని శిస్తు నగదు రూపంలో, నిర్ణీత గడువులో కట్టాలి. వాన కురిసినా కురవకపోయినా గడువు మారదు. కాబట్టి గింజ ఇంటికి చేరీచేరకముందే దాన్ని నగదుగా మార్చుకోక తప్పలేదు. మెట్ట రైతును అంగడిలోకి నెట్టిన తొలి బలవంతం ఇదే.

ఆ అంగడిలో బలం ఎవరిది? దక్షిణ భారతదేశపు మెట్టమండలాల ఆర్థిక చరిత్రను పరిశీలించిన డేవిడ్ వాష్‌బ్రూక్, ఎద్దులూ బండ్లూ ధాన్యపు నిలవలూ అప్పు ఇచ్చే శక్తీ గల కొద్దిమంది సంపన్న గ్రామస్థుల చేతుల్లోనే విపణితో అసలు సంబంధం ఉండేదని వాదించాడు. మిగిలిన రైతులు విత్తనానికీ తిండికీ వారి మీదే ఆధారపడి, కోతనాడు పంటను వారికే అప్పగించేవారు. కోస్తా తెలుగు జిల్లాల రైతాంగాన్ని అధ్యయనం చేసిన ఎ. సత్యనారాయణ వంటి చరిత్రకారుల రచనలతో దీన్ని పోల్చి చూస్తే, కాలువ నీటి సేద్యం సృష్టించిన రైతు వర్గానికీ, మెట్టలో ఏర్పడిన అసమానతలకూ గల తేడా స్పష్టమవుతుంది.

ఈ ఏర్పాటును రెండు పదాలు చక్కగా పట్టిస్తాయి. ఒకటి పాతర. నేలలో లోతుగా తవ్వి, లోపల గడ్డి పరచి, గింజ నింపి, పైన మట్టితో మూసే నిలవగుంట అది. జొన్నలను ఏళ్ల తరబడి అందులో దాచవచ్చు. పాతర నింపగలిగినవాడు కరువు కోసం ఎదురుచూడగలడు. నింపలేనివాడు కరువుకు భయపడాలి. రెండవది నాగు. వానకారు మొదట్లో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు ధాన్యం అప్పుగా తెచ్చుకొని, కోతకు ధాన్యమే వడ్డీతో కలిపి తిరిగి ఇవ్వడం నాగు. బస్తాకు బస్తాన్నర కొలవడం సాధారణంగా కనిపించిన రివాజు.

నాగు లెక్కను కొంచెం నిదానంగా చూడాలి. పైకి ఇది కేవలం యాభై వంతుల వడ్డీగా కనిపిస్తుంది. అప్పు తీసుకున్నది గింజ ప్రియంగా ఉన్న ఆషాఢంలో. తీర్చింది గింజ చవకగా ఉన్న కోతల్లో. డబ్బులో లెక్కవేస్తే ఆ బస్తాన్నర విలువ ఆనాటి బస్తా విలువకు దగ్గరగానే ఉండవచ్చు. మరి షావుకారు లాభం ఎక్కడ? కొలిపించుకున్న బస్తాన్నరను అతడు ఆ రోజే అమ్మడు. పాతరలో వేసి మరుసటి ఆషాఢం దాకా ఆగుతాడు. రైతు ఆగలేడు. కనుక నాగులో అసలు సరుకు గింజ కాదు, ఆగగలిగే శక్తి. తక్కెడ మోసమూ తరుగు కోతా దీనికి తోడయ్యే చిన్న నష్టాలు మాత్రమే.

రైలు వస్తే ఈ స్థితి మారుతుందని ఆనాటి పాలకులు నమ్మారు. 1871 నాటికి మద్రాసు నుండి రాయచూరు వైపు రైలుమార్గం గుత్తి, గుంతకల్లుల మీదుగా సాగింది. 1876-78 మహాకరువు వచ్చినప్పుడు, అప్పటికి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న బళ్లారి జిల్లా అత్యంత దారుణంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో ఒకటి. రైలుకట్ట ఉన్నంత మాత్రాన గింజ పేదవాడి ఇంటికి రాదు. కొనే శక్తి ఉన్న చోటికే అది పోతుంది. రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన 1880లో నివేదిక సమర్పించిన కరువు కమిషన్ కూడా, కరువంటే తిండిగింజల కొరత కన్నా ముందు పని లేక, కూలి లేక కొనలేకపోవడమని గుర్తించింది. అంగడికి దారి వేయడం వేరు, ఆ దారిలో బలంగా నిలబడడం వేరు అన్న పాఠం ఇక్కడ నూట యాభై ఏళ్ల కిందటే ఉన్నది.

3. చట్టం దృష్టిలో పంట

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వ్యవసాయ విపణుల నియంత్రణ ప్రభుత్వాల దృష్టికి వచ్చింది. 1926లో నియమితమై 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ క్రమబద్ధమైన మార్కెట్లను ఏర్పాటు చేయాలని సూచించింది. హైదరాబాదు సంస్థానంలో 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1933లో వాణిజ్యపంటల మార్కెట్ల చట్టం వచ్చింది. ఈ రెండవ చట్టం పేరే ఒక విషయాన్ని చెబుతున్నది. దాని దృష్టి పత్తి, వేరుశనగ, పొగాకు వంటి పంటల మీద. కొర్ర, సామ, అరిక, జొన్న వంటివి ఇంటితిండి కోసం పండేవి గనుక వాటికి క్రమబద్ధమైన మార్కెట్ అవసరమన్న ఆలోచన రాలేదు. కాని నాగు తీర్చడానికీ, శిస్తు కట్టడానికీ, పెళ్లికీ చావుకూ అమ్ముడయ్యేవి ఆ గింజలే. చట్టం చూసిన అంగడి ఒకటి, రైతు చూసిన అంగడి మరొకటి.

ఈ కాలంలోనే దత్తమండలాల మెట్టల్లోకి వేరుశనగ విస్తరించింది. నూనె మిల్లుల గిరాకీ, ఎగుమతి అవకాశం, రైలు సౌకర్యం దాన్ని నగదు పంటగా నిలబెట్టాయి. స్వాతంత్ర్యానంతర దశాబ్దాల్లో, సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతం గల అనంతపురం జిల్లాలో వేరుశనగ దాదాపు ఏకైక పంట అనిపించుకునే స్థితికి వచ్చింది. కొర్రతో పోలిస్తే వేరుశనగ నగదు త్వరగా చేతికిస్తుంది. కాని విత్తనం కొనాలి, పెట్టుబడి ఎక్కువ, వాన తప్పితే తినడానికి కూడా ఏమీ మిగలదు. అంగడితో సంబంధం ఇక్కడ మరింత గాఢమైంది. రైతు భద్రత ఆ మేరకు తగ్గింది.

అప్పు విషయంలో స్వాతంత్ర్యానంతర స్థితిని 1951-52లో జరిగిన అఖిలభారత గ్రామీణ పరపతి సర్వే వెల్లడించింది. గోర్వాలా అధ్యక్షతన 1954లో వెలువడిన ఆ నివేదిక ప్రకారం రైతుల అప్పుల్లో వడ్డీవ్యాపారుల వాటా సుమారు 70 శాతం. ప్రభుత్వం వాటా 3.3 శాతం, సహకార సంఘాల వాటా 3.1 శాతం మాత్రమే. పరపతిని, గిడ్డంగిని, అమ్మకాన్ని ఒకే గొలుసుగా కలపాలని ఆ సంఘం సూచించింది. దాని ఫలితంగా 1956 నాటి చట్టంతో గిడ్డంగుల సంస్థలు ఏర్పడ్డాయి. రోగనిర్ధారణ సరైనదే. కాని పదిరకాల గింజను కొద్దికొద్దిగా పండించే మెట్ట రైతుకు పట్టణంలోని గిడ్డంగి ఏ విధంగానూ అందుబాటులో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం తక్కెడను, అడ్తిదారును, హమాలీ రుసుమును క్రమబద్ధం చేయడానికి ప్రయత్నించింది. కోతకూ అమ్మకానికీ నడుమ కాలం మాత్రం ఆ చట్టం పరిధిలోకి రాలేదు. 1999లో ఆరంభమైన రైతుబజార్లు దళారీని తప్పించి రైతును వినియోగదారు ముందు నిలబెట్టాయి. కాని అవి రోజూ కోసే కూరగాయలకు అనువైనవి, ఏటికొకసారి కోసే జొన్నకు కావు.

4. రెండు రూపాయల బియ్యం, బీడుపడిన చెలక

1965లో భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ పనిచేయడం ప్రారంభించాయి. వీటితో ప్రభుత్వమే దేశంలో అతిపెద్ద ధాన్యపు కొనుగోలుదారు అయింది. కొన్నవి ప్రధానంగా వరి, గోధుమ. జొన్న, సజ్జ, రాగులకు మద్దతు ధర ప్రకటించినా కొనుగోలు నామమాత్రంగా సాగింది. కొర్ర, సామ, అరిక, ఊద, వరిగలకు కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలోనే చోటు లేదు. 1960ల మధ్యలో దేశంలో సుమారు 3.7 కోట్ల హెక్టార్లలో సాగైన చిరుధాన్యాలు ఐదు దశాబ్దాల్లో సుమారు 1.5 కోట్ల హెక్టార్లకు కుదించుకుపోయాయి.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం పథకాన్ని అమలులోకి తెచ్చింది. లక్షల పేద కుటుంబాలకు ఆ పథకం ఆకలి భయాన్ని తగ్గించిందన్నది నిర్వివాదాంశం. వరి అన్నం పండుగనాటి తిండిగా ఉన్న ఇళ్లలో అది రోజువారీ తిండి అయింది. దీన్ని కేవలం రుచుల మార్పుగా చూడలేము. తరతరాలుగా సంకటీ గటకా పేదరికపు గుర్తులుగా, వరి అన్నం గౌరవపు గుర్తుగా నిలిచిన సమాజంలో అది ఒక సామాజిక న్యాయంగా కూడా అనుభూతమైంది.

అయితే మెట్టనేల మీద దాని ప్రభావం వేరు. డెల్టాలో పండిన వరి, మిల్లుల లెవీ ద్వారా సేకరణై, రాయితీతో మెట్ట గ్రామానికి చేరింది. అదే గ్రామంలోని చెలకలో పండే జొన్నకు రాయితీ లేదు, కొనుగోలు లేదు. ఎకరం చెలకను దున్ని, ఎరువు తోలి, విత్తి, కలుపు తీసి, కోసి, నూర్చి సంపాదించే జొన్న కన్నా చౌకధరల దుకాణంలోని బియ్యమే చవక. ఆ పరిస్థితిలో సారం తక్కువైన అసైన్డు భూములను సాగుచేయకుండా వదిలి కూలికి పోవడం పేద కుటుంబానికి తెలివైన నిర్ణయమే. బీడుపడడం సోమరితనం వల్ల జరిగింది కాదు. ధరల లెక్క వల్ల జరిగింది. ప్రజాపంపిణీ అంటే మెట్ట గ్రామానికి వచ్చిన కొత్త అంగడే. ఆ అంగడిలో మెట్ట రైతుకు కొనుగోలుదారు పాత్ర మాత్రమే దక్కింది.

5. జహీరాబాదు: తిరగబడిన నాగు

అప్పటి మెదక్ జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలో పస్తాపూరు కేంద్రంగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని ప్రారంభించింది. పి.వి. సతీష్ దీని వ్యవస్థాపకుల్లో ముఖ్యులు. గ్రామాల్లో ఏర్పడిన సంఘాల్లో అత్యధికులు దళిత మహిళలు. వారి భూములు ఎక్కువగా ఎర్రచెలకలు, రాళ్లనేలలు. నీటివసతి లేకుండా, మంచు తేమతో, కొన్న ఎరువు లేకుండా యాసంగిలో పండే పంటలను ఆ మహిళలు సత్యం పంటలు అని పిలుస్తారు. ఆ పేరులోనే పంటకు వారిచ్చే విలువ తెలుస్తుంది.

1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయంతో ఈ సంఘాలు ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ పద్ధతిని చేపట్టాయి. దాని పనితీరు స్థూలంగా ఇది. బీడుపడిన భూమి గల రైతుకు దున్నకం, ఎరువు, విత్తనం, కలుపు వంటి పనుల క్రమాన్ని బట్టి విడతలుగా అప్పు ఇస్తారు. ఆ అప్పును రైతు డబ్బుతో కాక, కొన్నేళ్లపాటు ప్రతి కోతకూ నిర్ణీత మొత్తం జొన్నలు కొలిచి తీరుస్తాడు. ఆ జొన్నలు ఊరు దాటవు. అవి గ్రామ ధాన్యనిధిలో చేరి, వేపాకూ బూడిదా కలిపిన గుమ్ముల్లో నిలవ ఉంటాయి. గింజలు నిండుకునే వానాకాలపు నెలల్లో, ఊరివారే కూర్చొని పేదరికపు తరతమాలను బట్టి ఎంపికచేసిన కుటుంబాలకు తక్కువ ధరకు అందుతాయి. అలా వచ్చిన డబ్బు తిరిగి నిధిలో చేరుతుంది.

దీన్ని చాలామంది ఆహారభద్రతా పథకంగానే వివరించారు. చరిత్ర దృష్టితో చూస్తే మరొక విషయం బయటపడుతుంది. కోతకు గింజ కొలవడం, ఊళ్లో నిలవ చేయడం, ఆషాఢ శ్రావణాల్లో బయటకు తీయడం - ఇది అచ్చంగా నాగు నడిచే దారే. యంత్రాంగం పాతదే, యజమాని మారాడు. పాతర షావుకారు పెరడులో కాక సంఘం ఇంట్లో ఉన్నది. ఆగగలిగే శక్తి, అంటే నాగులో షావుకారుకు లాభమిచ్చిన ఆ ఒక్క శక్తి, ఉమ్మడి ఆస్తి అయింది. ఒక పీడన సాధనాన్ని కూలదోయకుండా, దాని పనితనాన్ని అర్థంచేసుకొని, దాని దిశను మార్చడం ఇక్కడి విశేషం. నాగు అనుభవించిన వారే దాన్ని రూపొందించడంలో భాగస్వాములు కావడం కూడా గమనార్హం.

రెండవ విశేషం విత్తనం. సంఘాల్లోని విత్తన సంరక్షకులు అనేక రకాల విత్తనాలను ఇళ్లలో భద్రపరచి, తీసుకున్న దానికి కొంత అదనంగా తిరిగి ఇవ్వాలన్న నియమంతో ఇచ్చిపుచ్చుకున్నారు. ఏటా సంక్రాంతినాడు మొదలై ఊరూరా ఎడ్లబండ్ల మీద సాగే పాత పంటల జాతర ఆ విత్తనానికి సామాజిక గౌరవాన్ని తెచ్చింది. అమ్మకం దీని తరువాతి మెట్టు. ఇంటికి, విత్తనానికి, నిధికి కొలిచిన తరువాత మిగిలింది మాత్రమే జహీరాబాదు పట్టణంలోని సంఘం దుకాణానికి చేరింది. ఈ వరుసక్రమం ముఖ్యమైనది. మొదట తినేవారు పండించేవారే. 2008లో ఈ సంఘాల సామాజిక రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 2019లో సంస్థకు ఈక్వేటర్ పురస్కారం లభించింది. 2013 జాతీయ ఆహారభద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతకధాన్యాలకు కిలో రూపాయి ధరతో చోటు దక్కడం వెనుక, ఇటువంటి అనుభవాలు కల్పించిన ప్రజాభిప్రాయాన్ని విస్మరించలేము.

6. చెన్నేకొత్తపల్లి: ఆగడానికి పెట్టుబడి

జహీరాబాదు అనుభవం ఊరిలోపలి అంగడిని పునర్నిర్మించింది. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో మరొక ప్రశ్న ఎదురైంది. వేరుశనగ వల్ల అప్పటికే సుదూర విపణితో ముడిపడిన రైతుకు నగదు కావాలి. అక్కడ 1990 నుండి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ రామగిరి, రొద్దం, చెన్నేకొత్తపల్లి మండలాల్లో చిన్నరైతులను సేంద్రియ సాగు వైపు మళ్లించింది. వారి ఉత్పత్తులను కొని, శుద్ధిచేసి, అమ్మేందుకు 2008లో ధరణి సహకార సంఘం ఏర్పడింది.

దీనికి చట్టపరమైన నేపథ్యం ఉన్నది. 1964 నాటి సహకార చట్టం కింద నడిచిన సంఘాలు ప్రభుత్వ వాటాధనం, అధికారుల నియామకాలు, ఎన్నికల వాయిదాల మధ్య రైతులకు దూరమయ్యాయి. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యులే తమ సంఘాన్ని నడుపుకునే వీలు కల్పించింది. దేశంలో ఇటువంటి చట్టాల్లో ఇదే మొదటిది. 2002లో కంపెనీల చట్టసవరణతో వచ్చిన ఉత్పత్తిదారుల కంపెనీలకు కూడా ఇది ఒక విధంగా దారి చూపింది. ధరణి ఏర్పడింది ఈ 1995 చట్టం కిందే.

సహకార సంఘం చేసే పని విన్నంత సులభం కాదు. కోతల నాడు రైతుకు వెంటనే డబ్బు కావాలి. పట్టణపు వినియోగదారు ఆ గింజను ఏడాది పొడవునా కిలో, రెండు కిలోల చొప్పున కొంటాడు. ఈ రెండు కాలాల మధ్య గిడ్డంగిలో ఉన్న ధాన్యమంటే నిలిచిపోయిన డబ్బే. కాబట్టి మంచి ధర ఇస్తామన్న మాట నిలవాలంటే సంఘానికి నిర్వహణ పెట్టుబడి ఉండాలి. షావుకారు పాతరకు అతడి సంపదే పెట్టుబడి. సంఘం పాతరకు సభ్యుల వాటాధనం, బ్యాంకు అప్పు, దాతల సహాయం పెట్టుబడి. బ్యాంకులు భూమి తాకట్టును అర్థంచేసుకున్నంత సులభంగా కొర్రల బస్తాలను అర్థంచేసుకోవు. ఎన్నో రైతు సంఘాలు చిక్కుకుపోయేది ధర దగ్గర కాదు, ఈ పెట్టుబడి దగ్గరే.

మరొక చిక్కు పొట్టు. జొన్న, సజ్జ, రాగి గింజలను నేరుగా విసురుకోవచ్చు. కొర్ర, సామ, అరిక, ఊద, వరిగలకు పైపొట్టు ఉంటుంది. వెనుకటికి తిరగలిలో విసిరి, రోట్లో దంచి పొట్టు తీసేవారు. ఆ శ్రమ పూర్తిగా ఆడవారిది. ఊరూరా వరి మిల్లులు వచ్చిన తరువాత ఆ శ్రమ భరించడానికి ఎవరూ ఇష్టపడలేదు. ఇష్టపడకపోవడం న్యాయం కూడా. చిరుధాన్యాలు వెనుకబడడానికి బియ్యం రాయితీ ఎంత కారణమో తగిన మిల్లు లేకపోవడమూ అంతే కారణం. పొట్టుకు కాలంతోనూ సంబంధం ఉన్నది. పొట్టుతో ఉన్న కొర్రలు ఏళ్లపాటు చెడవు. పొట్టు తీసిన బియ్యం కొన్ని నెలల్లోనే కనరు వాసన వేస్తుంది. పొట్టు ఉన్నంతకాలం వ్యవధి రైతు చేతిలో ఉంటుంది. పొట్టు తీసిన క్షణం నుండి అది అంగడి చేతిలోకి పోతుంది. కనుక మిల్లు ఎక్కడ ఉన్నది, ఎవరిది అన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు. చెన్నేకొత్తపల్లిలో సంఘం తన సొంత శుద్ధి కేంద్రాన్ని నెలకొల్పుకోవడాన్ని ఈ దృష్టితో అర్థంచేసుకోవాలి.

7. నమ్మకానికి పత్రం

రసాయనం లేకుండా పండిన గింజకూ, రసాయనంతో పండిన గింజకూ కంటికి తేడా తెలియదు. అందుకే ఈ అంగడిలో గింజతో పాటు నమ్మకాన్నీ అమ్మాలి. 2001లో అమలులోకి వచ్చిన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం బయటి సంస్థ తనిఖీచేసి పత్రమిచ్చే పద్ధతిని నెలకొల్పింది. అది ప్రధానంగా ఎగుమతులను ఉద్దేశించినది. తనిఖీ రుసుమూ, రాతకోతలూ రెండెకరాల రైతుకు భారం. పైగా మార్పిడి కాలంగా లెక్కించే రెండు మూడేళ్లు అతడు సేంద్రియంగా పండించినా సేంద్రియ ధర పొందలేడు.

దీనికి ప్రత్యామ్నాయంగా భాగస్వామ్య హామీ పద్ధతి వచ్చింది. కనీసం ఐదుగురు రైతులు బృందంగా ఏర్పడి, ప్రతిజ్ఞ చేసి, ఒకరి పొలాన్ని మరొకరు పరిశీలించి, ఒకరికొకరు హామీ ఇచ్చుకుంటారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, టింబక్టు కలెక్టివ్ ఈ పద్ధతిని దేశంలో తొలిదశలోనే ఆచరించిన సంస్థల్లో ఉన్నాయి. ప్రభుత్వం కూడా తరువాత తనదైన రూపంలో దీన్ని చేపట్టింది. సేంద్రియ ఆహారంపై 2017లో వెలువడిన నిబంధనలు రెండు పద్ధతులనూ గుర్తించాయి.

బయటి తనిఖీదారు ఏడాదికొకసారి వస్తాడు. పక్కపొలం రైతు రోజూ చూస్తాడు. ఎవరి పశువులు ఎన్ని, ఎవరి పొలంలోకి ఏ వైపునుండి నీరు పారుతుంది, ఎవరింట్లో పురుగుమందు డబ్బా ఉన్నది - ఇవన్నీ ఊరికి తెలుసు. ఊరి ఈ జ్ఞానమే హామీకి ఆధారం. దీని పరిమితిని కూడా దాచనక్కరలేదు. బంధుత్వం, కులం, అప్పు, మొహమాటం ఉన్న ఊళ్లో పొరుగువాడి తప్పు ఎత్తిచూపడం కష్టం. అందువల్ల ఈ పద్ధతి నిజాయితీ సంఘం అంతర్గత ప్రజాస్వామ్యంపై ఆధారపడుతుంది. సంఘం బలహీనమైతే పత్రం కాగితమే.

8. 2023 తరువాత

2018లో భారత ప్రభుత్వం చిరుధాన్యాలను పోషకధాన్యాలుగా ప్రకటించింది. భారతదేశ ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా నిర్ణయించింది. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ వీటిని శ్రీ అన్న అని పిలిచి, హైదరాబాదులోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థకు ఉత్కృష్టతా కేంద్రంగా సహకారం ప్రకటించింది. ఒకనాడు పేదల తిండిగా చూసిన కొర్ర అన్నం నగరాల్లో ఆరోగ్యాన్ని కోరేవారి తిండి అయింది.

ఈ గౌరవం ఆహ్వానించదగినదే. అయితే చరిత్ర ఇక్కడ ఒక హెచ్చరిక చేస్తుంది. వేరుశనగకు కూడా ఒకనాడు గిరాకీ ఇలాగే వచ్చింది. గిరాకీ పెరిగిన కొద్దీ కలగలుపు పంటలు పోయి ఒకే పంట మిగిలింది. చిరుధాన్యాల విషయంలో అదే జరిగితే, కొర్ర మాత్రమే సాగయ్యే చెలకలో కందీ పెసరా ఉండవు. పేరు చిరుధాన్యమే అయినా సాగు జీవావరణ సాగు కాదు. నగర విపణిలో ధర పెరిగి, పండించిన ఇల్లే కొర్రలు అమ్మి రాయితీ బియ్యం వండుకునే స్థితి వస్తే, సామెతలోని కొరివి మళ్లీ అంటుకున్నట్లే. నగరంలోని పొట్లం ధరకూ పొలం దగ్గరి ధరకూ నడుమ దూరం పెరగడమంటే, ఆగగలిగే శక్తి మళ్లీ రైతు చేతినుండి జారిపోయిందని అర్థం. ఒడిశా 2017లో ఆరంభించిన చిరుధాన్యాల కార్యక్రమం సాగు, శుద్ధి, సేకరణలతో పాటు పంపిణీని కూడా ఒకచోట చేర్చింది. సేకరించిన రాగులను ఆ రాష్ట్రంలోనే ప్రజాపంపిణీలోకి తేవడం జహీరాబాదు సూత్రాన్ని ప్రభుత్వ స్థాయిలో ప్రయత్నించడమే. తెలుగు రాష్ట్రాల పరిశోధకులు దాన్ని పోల్చి అధ్యయనం చేయవలసి ఉన్నది.

9. ముగింపు

పై పరిశీలన నుండి కొన్ని నిర్ధారణలకు రావచ్చు. మొదటిది, మెట్ట చిన్నరైతు శిస్తు ద్వారా, నాగు ద్వారా, వేరుశనగ ద్వారా, రాయితీ బియ్యం ద్వారా రెండు శతాబ్దాలుగా అంగడితో ముడిపడే ఉన్నాడు. అనుసంధానం లేకపోవడం కాక, అనుసంధానపు షరతులు అతడికి ప్రతికూలంగా ఉండడమే సమస్య. రెండవది, ఆ షరతులను నిర్ణయించినవి ప్రధానంగా నాలుగు: అప్పు, నిలవ, మిల్లు, నమ్మకం. ఈ నాలుగూ కోతకూ అమ్మకానికీ నడుమ కాలాన్ని ఎవరు ఏలుతారన్న ఒకే ప్రశ్నకు నాలుగు ముఖాలు. మూడవది, జహీరాబాదు, చెన్నేకొత్తపల్లి అనుభవాలు పరిమాణంలో చిన్నవి, బయటి సహాయం లేకుండా మొదలైనవి కావు. వాటి ప్రాముఖ్యం అవి అమ్మిన టన్నుల్లో లేదు. పాతర తాళంచెవి సంఘం చేతికి రావడం సాధ్యమేనని చూపడంలో ఉన్నది.

ఇంతవరకు మన వ్యవసాయ చరిత్ర రచన భూమి ఎవరిది అన్న ప్రశ్నను లోతుగా చర్చించింది. గింజ కోసిన తరువాత అది ఎవరి ఇంట్లో, ఎన్నాళ్లు, ఏ షరతు మీద నిలిచింది అన్న ప్రశ్నకు అంత చోటివ్వలేదు. శిస్తు దస్తాలతో పాటు నాగు లెక్కలు, ఊరి పాతరల జ్ఞాపకాలు, గుమ్ములు అల్లినవారి, విత్తనం దాచినవారి నోటిమాటలు సేకరించవలసిన సమయమిది. పాతరలను కళ్లారా చూసిన తరం మన మధ్య ఇంకా కొద్దికాలమే ఉంటుంది.